మా మేడం కొట్టేసిన పేజీలు

మా వదిన డబ్బా మూత తిప్పి, వేలితో మందు తీసి, మా పాప పిక్క మీదికి వంగిన క్షణాన నాకు మొదటిసారి భయం పుట్టింది. పాప బండి దిగుతూ సైలెన్సర్‌కు కాలు ఆనించుకుంది. రూపాయి బిళ్లంత మేర తోలు లేచింది. నేను నల్లా కింద కాలు పెట్టించి నీళ్లు పోస్తుంటే, వదిన తన సంచిలోంచి ఆ డబ్బా తీసింది. ఇది మీ మేడం కనిపెట్టిన మందే అంటూ ఫోన్ చూపించింది. పూలదండ వేసిన మా అనసూయ మేడం ఫోటో, పక్కనే ఆ డబ్బా, కింద ఒక గ్రాఫు. "మహా శాస్త్రవేత్తకు అశ్రునివాళి. ఆమె పరిశోధనాఫలం మీ ఇంటికి." మేడం గుండెపోటుతో పోయారన్న వార్త నాకు అట్లా, ఒక ప్రకటనలో తెలిసింది. ఆ గ్రాఫు గీసింది నేను.

వదిన చెయ్యి పట్టుకుని ఆపాను. ఆమె నొచ్చుకుంది.

"మీ మేడం మందంటే నీకే నమ్మకం లేదా?"

సూర్యాపేటలో మా ఇంటి నల్లా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. పాపను దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చాను. పిల్లలు పడుకున్నాక ఆ జవాబు మా కాలేజీ పాత విద్యార్థులు వేస్తున్న ఈ సంస్మరణ సంచికకు రాస్తున్నాను.

మేడంది మఠంపల్లి వైపు. కోదాడ దగ్గర మా ఫార్మసీ కాలేజీలో ఎన్నో ఏళ్లు మందుల పరీక్షలు నేర్పారు. "మహా" అన్న మాట వింటే కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఎదుటివాడు కాసేపు కనబడకుండా ఉండడానికని మేం నవ్వుకునేవాళ్లం. ఆమెకు దయ తక్కువ అని చాలామంది అనేవారు. నిజమే. అబద్ధం చెప్పేవాళ్ల మీద ఆమెకు దయ లేదు. ఆ దయలేనితనానికే ఇవాళ దండ వేసి, అగరొత్తి వెలిగించి, దాని పక్కన డబ్బా అమ్ముతున్నారు.

ఒకసారి ఒక పెద్దమనిషి ఏదో ఆకుపొడి పట్టుకొచ్చాడు. ఇది పుండ్లను వారంలో మాన్పుతుంది, మీ కాలేజీ పేరుతో ఒక కాగితం ఇవ్వండి అన్నాడు. మేడం ఆయనకు చాయ్ తెప్పించి, ఒక్కటే అడిగారు. ఏమీ పూయనివాడికి ఎన్ని రోజుల్లో మానింది? ఆయన దగ్గర లెక్క లేదు. చాయ్ తాగి వెళ్లిపోయాడు. తర్వాత మా వైపు తిరిగి అన్న మాట మా బ్యాచిలో అందరికీ కంఠతా వచ్చు: "మందు మాన్పిందా, రోజులు మాన్పినాయా? అది తేల్చాక నా దగ్గరికి రండి."

మా ప్రాజెక్టు దానిమ్మ తొక్క. అందులో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయని, వాటిని లేపనంగా పూస్తే గాయం తొందరగా మానుతుందేమో చూడాలని. మత్తిచ్చిన ఎలుక వీపు మీద నాణెమంత గుండ్రంగా తోలు తీసి, రోజూ లేపనం రాయాలి. రోజు విడిచి రోజు గాయం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం ఆనించి, మార్కర్‌తో అంచు గీసి, దాన్ని గళ్ల కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెట్టాలి. మా బ్యాచి మిర్యాలగూడ నరేందర్ పూసేవాడు, నేను గీసేదాన్ని.

ఏ డబ్బాలో ఏముందో మాకు తెలియనిచ్చేవారు కాదు. ఎలుకల గది చూసుకునే అటెండర్ వెంకులుకు అక్షరాలు రావు. అందుకే మేడం అతని చేత డబ్బాల మీద బొమ్మలు వేయించారు. ఒకదాని మీద చేప, ఒకదాని మీద గొడుగు. ఒకదాంట్లో తొక్క సారం కలిపిన లేపనం, ఇంకోదాంట్లో ఏ మందూ లేని ఉత్త మైనం. ఏది ఏదో రాసిన కాగితం కవరులో అంటించి, మేడం తన బీరువాలో పెట్టి తాళం వేశారు.

మేం తెలివిగలవాళ్లం కదా. గొడుగు డబ్బా కొంచెం గోధుమ రంగులో ఉంది. తొక్క సారం కూడా గోధుమ రంగే. ఇంకేముంది, గొడుగే మందు అని నరేందర్, నేను తేల్చేసుకున్నాం. మార్కర్ గీత లావుగా ఉంటుంది. లోపలి అంచు పట్టుకుని లెక్కపెడితే గాయం చిన్నది, బయటి అంచు పట్టుకుంటే పెద్దది. గొడుగు ఎలుకలకు లోపలి అంచు, చేప ఎలుకలకు బయటి అంచు. నేను అబద్ధం ఆడుతున్నానని ఒక్కరోజు కూడా అనిపించలేదు. మంచి జరగాలని కోరుకుంటున్నానని అనిపించింది. గ్రాఫు ఎంత అందంగా వచ్చిందో చెప్పలేను. నరేందర్ ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాడు.

మేడం ఆ పేజీలు తిరగేశారు. నా ప్లాస్టిక్ కాగితాలు తీసి, బొమ్మలు కనబడకుండా కలిపేసి, నా చేతనే మళ్లీ లెక్కపెట్టించారు. ఈసారి గొడుగు గెలవలేదు. అప్పుడు కవరు చింపి చూపించారు. గొడుగు ఉత్త మైనం. పిల్లలు రంగు చూసి ఊహిస్తారని ఆమెకు ముందే తెలుసు. అందుకే మైనంలో రంగు ఎక్కువ కలిపారు. ఎర్ర పెన్నుతో నా పేజీలన్నీ అడ్డంగా కొట్టేశారు.

"ఎలుకకు నీ మీద ప్రేమ ఉండదమ్మా. నువ్వు ఆశపడ్డావని అది మానదు. దాని వీపు కోసింది నీ సంతోషం కోసమేనా?"

ఆ రోజు నరేందర్ ఉద్యోగం ఇంటర్వ్యూ అని హైదరాబాద్ పోయాడు. తిరిగొచ్చాక వాడితో, మేడం మళ్లీ చేయమన్నారని మాత్రమే చెప్పాను. గొడుగు సంగతి చెప్పలేదు. సిగ్గనిపించింది. రెండోసారి జూనియర్ ఒకమ్మాయి గీసింది. తేడా లేదు. కాలేజీ యాజమాన్యం ఇంకొంచెం మంచి ఫలితం ఉంటే బాగుండేదని మూతి ముడిచింది. "తేడా లేదు అని రాయడానికే ఎక్కువ చదువుండాలి" అని మేడం నివేదిక అట్లాగే రాసి పంపారు.

ఎండాకాలం కరెంటు పోతే తడి గోనెపట్టాలు బోనుల మీద కప్పి, అట్టముక్కతో విసురుతూ కూర్చునే మనిషి ఆమె. ఎలుక కరిస్తే సబ్బుతో కడుక్కుని ఇంజక్షన్‌కు పోయేవారు. తన గదిలో లేపనాలు అన్ని ఉన్నా ఒక్కటీ పూసుకోలేదు. తేలనిదాన్ని తన వేలికి కూడా పూయని మనిషి ఫోటో ఇవాళ ఆ డబ్బా పక్కన నవ్వుతోంది.

ప్రకటన కింద ఉన్నది నరేందర్ పేరు, నంబరు. ఫోన్ చేశాను. మిర్యాలగూడలో సంతాప సభ పెడుతున్నాడు. వచ్చి మేడం గురించి, మందు గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. గొడుగు డబ్బాలో మందు లేదని చెప్పాను. నవ్వాడు.

"అయితే మైనమే మంచిగ మాన్పిందనుకో."

"అది మాన్పలే నరేందర్. నేను గీసిన."

"మరింకేంది సరితా. గీసింది నువ్వు. దవాఖానల మందులిచ్చే నౌకరీ చేస్తున్నవ్, ఇద్దరు పిల్లల తల్లివి. చెప్తే ఎవరి పరువు పోతది? మేడం పేరు నిలబెడుతున్న, సంతోషపడు."

ఇన్నేళ్లలో వాడు వ్యాపారం నేర్చుకున్నాడు. మేడం ఎర్ర గీత కొట్టకముందు తీసిన ఫోటోలు దాచుకుని, మైనం గెలిచిన గ్రాఫుతో దానిమ్మ తొక్క అమ్ముతున్నాడు. ఇంత అజ్ఞానానికి ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందా అని ముందు అసహ్యం వేసింది. తర్వాత గుర్తొచ్చింది. నా దగ్గర నుంచే వచ్చింది. ఆ ఒక్క మాట ఆ రోజే చెప్పి ఉంటే ఈ డబ్బా పుట్టేది కాదు. వాడిని ఎంత తిట్టుకున్నా ఆ తిట్టు సగం దారిలో నా మీదికే తిరుగుతోంది.

ఈ సంచిక వెనక అట్ట మీద ఆ డబ్బా ప్రకటన ఉంటుందని విన్నాను. ఉంటే ఉండనివ్వండి. లోపల ఈ పేజీ కూడా ఉండాలి. ఆ గ్రాఫు అనసూయ మేడంది కాదు. ఆమె కొట్టేసినది. ఆమెది అయినది ఆ ఎర్ర గీత. మేడం, ఇంకా ఎన్ని డబ్బాలు వస్తాయో, ఎన్ని పుండ్ల మీద పడతాయో. ఏమీ పూయనివాడి సంగతేమిటని అడిగే గొంతు మాత్రం కోదాడలో ఇంకొకటి లేదు. ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. నేను దాంట్లో పట్టను.

ఇంతవరకు రాసి పడుకున్నాను. పొద్దున బడికి తయారవుతూ పాప కట్టు చూసుకుని, అత్తమ్మ మందు రాస్తే తొందరగా మానేదా అని అడిగింది. తమ్ముడు కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

"ఆ మందుతోని మానుతదా అని మేము పరీక్ష చేసినం బిడ్డా. తేడా కనబడలే. కనబడ్డట్టు గీసింది అమ్మనే. మీరెప్పుడన్న తప్పు గీస్తే, ఆ రోజే చెప్పుర్రి. నేను మా మేడం పొయ్యేదాక ఆగిన."