సమ్మక్క ముగ్గు, భాను సైకిలు

భాను గురించి రాసుకుందామని ఎవరు వచ్చినా ముందు నా హోటల్ దగ్గరే దిగుతారు. మా ఊరు కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి దాటగానే వస్తుంది. రోడ్డు మలుపు తిరిగే చోట ఒక పక్క నా టిఫిన్ హోటల్, ఎదురుగా భాను వాళ్ల ఇల్లు. వచ్చినవాళ్లు నా దోసెలు తింటూ, "శోభారాణి గారూ, భానుకు చిన్నప్పటి నుంచే సైకిల్ పిచ్చి ఉండేదా?" అని అడుగుతారు. పిచ్చీ లేదు, పాడూ లేదు. ఆ పిల్లను సైకిలెక్కించింది వాళ్ల నాన్న మతిమరుపు.

సాంబమూర్తన్న బొగ్గు బావిలో పని చేస్తాడు. మనిషి బంగారమే. కానీ పొద్దున షిఫ్టుకు పోయేటప్పుడు చేతిలో బీడీకట్ట గుర్తుంటుంది, అన్నం క్యారేజీ గుర్తుండదు. ఆయన భార్య సమ్మక్క గుమ్మంలో నిలబడి, "భానూ, మీ నాయిన మళ్ల మరిచిపోయిండే!" అని కేకేసేది. ఈ పిల్ల బడి బట్టలతోనే అన్న చందర్ పాత సైకిలెక్కి, క్యారేజీ హ్యాండిల్‌కు తగిలించుకుని ఉరికేది. బావి సైరన్ కూస్తే నాన్న లోపలికి దిగిపోతాడు, ఇక సాయంత్రం దాకా పస్తే. అడవి దారంతా ఎత్తులు, పల్లాలు, మలుపులు. పైగా క్యారేజీ పై గిన్నెలో పచ్చిపులుసు. జోరుగా పోవాలి, చుక్క ఒలకకూడదు. అట్లా తొక్కీ తొక్కీ, ఒంట్లో కాళ్లు తప్ప ఇంకేదీ కదలకుండా తొక్కడం అలవాటైంది ఆ పిల్లకు.

బావి గ్రౌండులో ఆటల పోటీలు పెట్టినప్పుడు మొదటిసారి గెలిచింది. తర్వాత ఖమ్మంలో గెలిచింది, వరంగల్‌లో గెలిచింది. ఒక కోచ్ సారు చూసి, పోటీ సైకిల్ ఇప్పించాడు. ఆ సైకిల్ ఇంటికొచ్చిన రోజు సమ్మక్క దాని చుట్టూ తిరిగి, ముక్కు మీద వేలేసుకుంది.

"స్టాండు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. ఇదేం సైకిలు శోభా? సగం జేసి అంటగట్టిర్రు. దీనికి క్యారేజీ ఏడ తగిలిస్తరు?"

"వదినా, నీ బిడ్డ ఇగ పులుసు మోయది, కప్పులు మోస్తది," అన్నాను నేను.

కప్పులైతే వచ్చాయి, అలమార నిండింది. రాష్ట్రం జట్టులో చోటు మాత్రం రాలేదు. రెండేళ్లు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మూడో ఏడు సాంబమూర్తన్న కూతుర్ని కూర్చోబెట్టుకుని, "బిడ్డా, ఈ ఒక్కసారే. రాకుంటే ఖమ్మంల నర్సింగుల చేరు. నేను బావి దిగినన్ని రోజులే నీకు ఆసరా," అన్నాడు. పిల్ల తలూపింది. ఆ రాత్రి నా హోటల్ బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. అన్నం తినవే అంటే, "అత్తా, సైకిల్ ఇడిసిపెట్టి నేను బతుకుతనా?" అంది. నా ఏడుపు దాచుకోవడానికి దాన్నే రెండు తిట్లు తిట్టాను.

అదృష్టం చూడండి, ఆ ఏడు జట్టును ఎంచే పోటీ మా రోడ్డు మీదే పెట్టారు. కొత్తగూడెంలో మొదలు, భద్రాచలంలో ఆఖరు. గెలిచిన ఒక్క పిల్లకే చోటు. సమ్మక్క ఏనాడూ కూతురు పోటీలో తొక్కడం చూడలేదు. ఇప్పుడు పోటీ ఇంటి ముందుకే వస్తోందాయె! వారం రోజులు ఆమె కాలు నేల మీద నిలవలేదు.

ఆ పొద్దున పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. నేను వెనక పొయ్యి దగ్గర వడలు వేస్తున్నాను. వాయి దించి బయటికొచ్చి చూద్దును కదా, సమ్మక్క, పక్కింటి ఎర్రమ్మ, వీధిలో ఆడవాళ్లంతా కలిసి, మలుపు పొడుగునా తారురోడ్డు మీద చిక్కటి పేడనీళ్లతో సాన్పు చల్లేశారు. దాని మీద రథం ముగ్గు. నట్టనడుమ బంతిపూలు!

"వదినా! ఏం జేసినవ్? సైకిళ్లు జారిపడయా?"

"ఏందే నీ నోట్ల అపశకునం? ఆడబిడ్డ గెలువబోతుంటే వాకిలి ఉత్తగ ఉంచుతరా?"

"ఇది వాకిలి గాదు, రోడ్డు!"

"నా ఇంటి ముందు ఉన్నది గదా!"

ఈమెతో వాదించే ఓపిక ఎవరికుంది? గోనెసంచి తెచ్చి తుడవబోయాను. నా ముగ్గు చెరుపుతావా అంటూ సంచి రెండో కొస పట్టుకుని లాగింది. మేమిద్దరం నడిరోడ్డు మీద సంచి కోసం గుంజుకుంటుండగానే పైలట్ జీపు సైరన్ వినిపించింది. ఎర్రమ్మ మమ్మల్నిద్దర్నీ పక్కకు ఈడ్చింది.

భాను ఒక్కతే వచ్చింది. అడవిలో ఎత్తు ఎక్కేటప్పుడే అందరినీ వెనకేసిందట. దూరం నుంచే తెల్లటి ముగ్గు చూసింది. ముగ్గు ఉన్న చోట కింద సాన్పు ఉంటుందని మా పిల్లకు ఒకరు చెప్పాలా? బ్రేకు పట్టలేదు, హ్యాండిల్ తిప్పలేదు. పక్కన పులుసు గిన్నె వేలాడుతున్నట్టే, నెమ్మదిగా, నిక్కచ్చిగా, ముగ్గు నడుమ నుంచి దాటేసింది. నేను ఎగిరి గంతేశాను.

అంతలో ఆ పిల్ల ఆగింది. అవునండీ, ఆగింది! కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ పైకెత్తింది.

"మెల్లగ! జారుతది! మెల్లగ రండి!" అని గొంతు చించుకుంది.

"పోవే! నీకేం పోయేకాలం? పో!" అని నేను అరిచాను. నాకు తెలిసింది ఒక్కటే. అది ఆగిన కొద్దీ ఖమ్మం నర్సింగు బడి దగ్గరికొస్తోంది.

వెనక గుంపు ఉరుకులాపి, ఒకరి వెనక ఒకరు అంచు పట్టుకుని దాటారు. అందరికంటే ముందు హైదరాబాద్ పిల్ల సాహిత్య. దాటగానే తుర్రుమంది. మిగతావాళ్లూ ఆమె వెనకే. ఒక్కరూ పడలేదు. అందరూ పోయాక, ఆఖరున మా భాను పెడల్ మీద కాలేసింది. నేను గోనెసంచి నెత్తికేసి కొట్టుకున్నాను. సమ్మక్కకు అప్పుడు తెలిసొచ్చింది. ముగ్గు పక్కనే కూలబడి, "నా చేతులు ఇరగ," అని ఒకటే శోకం.

చందర్ ట్రాలీ ఆటోలో మమ్మల్నందరినీ కుక్కి భద్రాచలం తీసుకుపోయాడు. వంతెన దాటి దిగేసరికి ఏముంది? సాంబమూర్తన్న కూతుర్ని భుజాలకెత్తుకుని తిరుగుతున్నాడు! షిఫ్టు ఎగ్గొట్టి పొద్దున్నే అక్కడికి చేరాడట మహానుభావుడు. నర్సింగు మాట పూర్తిగా మరిచిపోయాడు. ఆ మతిమరుపు మళ్లీ ఒకసారి పనికొచ్చింది.

"ఎట్ల గెలిచినవే?" అన్నాను, ఏడుస్తూనే.

"అత్తా, బూర్గంపాడు కాడికి పొయ్యేసరికి గుంపును అందుకున్న. బ్రిడ్జి మీద గోదారి గాలి ఎదురు కొడుతున్నది. ముందున్నోళ్లు దాంతోని కొట్లాడిర్రు, నేను వాళ్ల ఎనుక దాక్కున్న. ఆఖర్ల బయటికొచ్చి అందర్ని దాటేసిన. ఒక్కదాన్నే పోయింటే ఆ గాలికి సచ్చిపోదును."

ఇంతలో సాహిత్య వచ్చింది. సమ్మక్క చేతులు పట్టుకుని, "ఆంటీ, మీ అమ్మాయి అరవకపోతే నా పళ్లన్నీ మీ ముగ్గులోనే ఉండేవి," అని నవ్వింది. సమ్మక్క నవ్వలేదు. కూతురి మోకాళ్లు, మోచేతులు ఒక్కొక్కటే తడిమి చూసింది. గీత పడలేదని నమ్మకం కుదిరాక, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు భాను దేశం జట్టులో ఉంది. సెలవులకు వచ్చినప్పుడు తెల్లవారకముందే సైకిల్ తీస్తుంది. అంతకంటే ముందే సమ్మక్క చీపురు పట్టుకుని రోడ్డు మీదికి వస్తుంది. మలుపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇసుక, కంకర, ఎండుటాకులు ఊడ్చేస్తుంది. ఒక్క చుక్క నీళ్లు చల్లదు. అవతల ఆమె వాకిలి ఊడవకుండా, సాన్పు లేకుండా, బోసిగా పడి ఉంటుంది.

"వదినా, నీ వాకిలి సంగతేంది?" అని నేను కవ్విస్తాను.

"ఉండనీయ్ శోభా. ముందు నా బిడ్డ పోనీ," అంటుంది.