ఇడ్లీ రేకుల సీజన్

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో వెన్నుపోట్లుంటాయి, ఒక చిన్న రాజ్యం పతనమవుతుంది, పంటిబిగువున దాచుకున్న పగ ఒకటి సీజన్ పొడవునా కుతకుత ఉడుకుతుంది. చివర్లో ఇద్దరు వీరులు ఒకే దెబ్బకు నేలకూలతారు.

అని మొదలుపెడదామనుకున్నాను. తీరా కూర్చుని ఆలోచిస్తే జరిగింది అంత లేదు. కాన్‌బెర్రాలో, హారిసన్ అనే పేటలోని ఒక ఇంట్లో, ఆదివారం పొద్దున్నే జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ చూస్తూ, ఇడ్లీ రేకులు ఎవరు తోమాలన్న దగ్గర ఒక అంకుల్ మీద నాకు పుట్టిన పగ ఇది. అంకుల్‌కి ఆ సంగతి చివరిదాకా తెలియదు. కాబట్టి యుద్ధం అనడం కూడా ఎక్కువే.

నేను ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికి, ఆ పక్కనే ఉన్న గంగాలిన్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండిపోయినవాణ్ణి. అంకుల్‌ది గుంటూరు వైపు. ఇంజనీరు. నేను బడికి వెళ్లడం మొదలుపెట్టక ముందే ఆయన ఈ దేశం వచ్చి స్థిరపడ్డారు. ఉగాది భోజనాల వరసలో నా ఒంటి మీదున్న చారల జెర్సీ చూసి ఆగారు.

"ఏ క్లబ్బోయ్ ఇది?"

చెప్పాను. జర్మనీలో ఒక చిన్న ఊరి క్లబ్. ఆ ఏడే కింది డివిజన్ నుంచి పైకి వస్తోంది.

"అదొక క్లబ్బా? నేను హాస్టల్ దుప్పటి కుట్టించుకున్నావనుకున్నా" అన్నారు ఆయన, పులిహోర వడ్డించుకుంటూ. ఆయనది ఆ దేశంలో దాదాపు ప్రతి ఏడూ గెలిచే, ఎర్ర జెర్సీల పెద్ద క్లబ్. గెలిచేవాళ్లను అభిమానించడానికి పెద్ద గుండె ధైర్యమేమీ అక్కర్లేదు. కానీ ఆ మాట నేను పైకి అనలేదు, ఎందుకంటే వెంటనే ఆయన, "సీజన్ మొదలయ్యాక ఆదివారాలు మా ఇంటికి రా, ఆంటీ ఇడ్లీ వేస్తుంది" అన్నారు. ఒంటరిగా బతికేవాడికి ఇడ్లీ ముందు ఆత్మగౌరవం ఎంతసేపు నిలబడుతుంది.

అక్కడ శనివారం మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికి ఇక్కడ మంచి నిద్రవేళ. అందుకని ఆ ఇంట్లో ఒక పద్ధతి పెట్టారు. ఎవరూ రాత్రి చూడకూడదు, పొద్దున లేచి స్కోరు చూసుకోకూడదు. ఆదివారం అందరూ కలిసి, ఆట అప్పుడే జరుగుతున్నట్టుగా చూడాలి. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు మీద ఒక పాత ప్రెషర్ కుక్కర్ ఉండేది. వచ్చినవాళ్లు ఫోన్లు అందులో వేయాలి. అంకుల్ అందరికంటే ముందు తన ఫోన్ వేసి, మూత బిగించి, పైన వెయిట్ కూడా పెట్టేవారు. ఆ వెయిట్ ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత పందెం. ఆడేది ముగ్గురం: అంకుల్, ఆంటీ, నేను. ఆటలో జరగగలిగినవీ మూడే. ఈ టీమ్ గెలవాలి, లేదా ఆ టీమ్ గెలవాలి, లేదా డ్రా కావాలి. తలా ఒకటి చెప్పాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. పెద్దవాళ్లు ముందు. అంటే అంకుల్ మొదట, ఆంటీ తర్వాత, మిగిలిన ఎంగిలి నాకు. తప్పు చెప్పినవాళ్లు ఇడ్లీ రేకులు తోమాలి. ఇద్దరు తప్పు చెబితే, ఇద్దరిలో చిన్నవాళ్లు తోమాలి.

ఈ నిబంధనలు విన్నప్పుడు నాకు అన్నీ న్యాయంగానే అనిపించాయి. మర్యాదగా పెరిగిన పిల్లలతో వచ్చే ఇబ్బంది ఇదే. పెద్దవాళ్లు ముందు అనగానే తల ఊపేస్తాం, తర్వాతి వాక్యం వినం.

వాళ్లమ్మాయి యూనివర్సిటీలో చదువుతోంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. "నువ్వు కూడా ఆడొచ్చు కదా, నాకంటే చిన్నదానివి" అని మొదటి వారమే ఆశగా అడిగాను.

"నో థాంక్స్. ఇట్స్ రిగ్డ్" అంది, ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఆమె ఫోన్ కుక్కర్‌లోకి వెళ్లేది కాదు. ఆటలో మోసముందన్న ఆ మాటను నేను జోక్ అనుకుని నవ్వాను కూడా.

ఇక మొదలైంది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. అంకుల్ ఏది చెబితే అది జరిగేది. పెద్ద క్లబ్ గెలుస్తుందంటే గెలిచేది. "ఈరోజు మావాళ్లకి డ్రానే" అని ఆయన నిట్టూరిస్తే, ఆఖరి నిమిషంలో ఎవడో అనామకుడు తలతో కొట్టి డ్రా చేసేవాడు. ఆంటీ జాలిపడి ఎప్పుడూ బలహీనుల వైపే ఉండేవారు. నేను మిగిలింది తీసుకునేవాణ్ణి, ఆడేవాణ్ణి, ఓడేవాణ్ణి, లేచి సింకు దగ్గరికి నడిచేవాణ్ణి.

"మీకు ఎట్ల తెలుస్తది అంకుల్?"

"అనుభవమోయ్. ఆటగాళ్ల నడక చూస్తే చెప్పేయొచ్చు. మీ దుప్పటి వాళ్ల నడక చూడు, అప్పుడే కింది డివిజన్ బస్సు ఎక్కేవాళ్లలా లేరూ?"

ఇడ్లీ రేకు తోమడం గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. గుంటలు సులువే. ఆ గుంటల్లో ఉండే చిల్లులున్నాయే, వాటిలో పిండి ఎండి సిమెంటులా బిగుస్తుంది. పీచు లోపలికి పోదు. టూత్‌పిక్‌తో ఒక్కొక్కటీ పొడవాలి. కిటికీలోంచి పెరట్లో ట్రాంపొలీన్ మీద మంచు కరగడం చూస్తూ, నా మోకాలు పక్కనే ఉన్న డిష్‌వాషర్‌కి ఆనించుకుని పొడిచేవాణ్ణి. ఆ డిష్‌వాషర్ ఇంటితోపాటు వచ్చిందట. ఆంటీ దృష్టిలో అది అల్మరా. లోపలంతా ఖాళీ పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, వాటి మూతలు. వెనక హాల్లోంచి అంకుల్ గొంతు వినిపించేది: "బాగా రుద్దవోయ్, పోయినసారి రెండో రేకులో పిండి మిగిలింది."

ఆ వాక్యాన్ని నేను దాచుకున్నాను. ఎప్పటికైనా ఆయనకు తిరిగి ఇవ్వాలని.

వేసవి మధ్యలో, అంటే అక్కడ చలికాలంలో అన్నమాట, ఒక ఆదివారం అసలు విషయం బయటపడింది. అంకుల్ టీవీ పెట్టబోతుంటే ఆంటీ వంటింట్లోంచి పైఅరలో గిన్నె దింపమని పిలిచారు. ఆయన రిమోట్ నా చేతిలో పెట్టి వెళ్లారు. మేం ఆటలు చూసే స్పోర్ట్స్ యాప్‌లో ఒక సదుపాయం ఉంది: మనం ఏ ఆటను ఎంతవరకూ చూశామో దాని బొమ్మ కింద ఎర్రగీత చూపిస్తుంది. ఆ రోజు మేం ఇంకా మొదలుపెట్టని ఆట కింద ఎర్రగీత ఈ చివర నుంచి ఆ చివరదాకా ఉంది. అంకుల్ ప్రతిసారీ రిమోట్ తన దగ్గరే ఎందుకు పెట్టుకుంటారో, గబగబా 'మొదటి నుంచి' ఎందుకు నొక్కుతారో అప్పుడు అర్థమైంది.

సోఫాలో కూర్చున్న అమ్మాయి వైపు చూశాను.

"టోల్డ్ యూ" అంది.

"ముందే సరిగ్గా చెప్పొచ్చు గదా?"

"యూ లాఫ్డ్."

అప్పుడే లేచి నిలదీయొచ్చు. కానీ నిలదీస్తే ఏమవుతుంది? ఆయన నవ్వుతారు, ఆంటీ "మీకు సిగ్గులేదండీ" అంటారు, నాకు ఇంకో రెండు ఇడ్లీలు పడతాయి, కథ కంచికి. నాకు క్షమాపణ వద్దు. ఆయన చేతిలో టూత్‌పిక్ కావాలి. ఆ సింకు ముందు ఆయన నిలబడాలి, నేను సోఫాలో కాళ్లు చాపుకుని, రెండో రేకు గురించి మాట్లాడాలి. అంతకంటే తక్కువకు రాజీపడకూడదని తీర్మానించుకుని, బుద్ధిగా వెళ్లి ఆ రోజు వాటా తోమాను.

నేను కూడా పొద్దున స్కోరు చూసుకుని వెళ్లొచ్చు. కానీ లాభం లేదు. ముందు మాట్లాడేది ఆయనే. నిజం తెలిసి కూడా అబద్ధాన్ని ఎంచుకోవాల్సిన వరసలో ఉన్నాను. కావాల్సింది స్కోరు కాదు, ఆయనకంటే పెద్దవాళ్లు.

మే నెలలో వచ్చారు. ఆంటీ వాళ్లమ్మ, గుంటూరు నుంచి, విజిటర్ వీసా మీద. సీజన్ ఆఖరి వారానికి కొద్ది రోజుల ముందే దిగారు. అంతకంటే గొప్ప సంగతి, ఆఖరి రోజు ఆట అంకుల్ క్లబ్‌కీ నా క్లబ్‌కీ మధ్యే. వాళ్లు అప్పటికే ఛాంపియన్లు, గెలిచినా ఓడినా ఒకటే. మావాళ్లకు కనీసం డ్రా కావాలి, లేకపోతే మళ్లీ కింది డివిజన్‌కి. "అంత దూరం నుంచి వచ్చారు, నా స్థానం అమ్మమ్మకి ఇస్తున్న అంకుల్, నేను ఊరికే చూస్త" అని వారం ముందే చెప్పి పెట్టాను. ఆయన నా సంస్కారాన్ని మెచ్చుకున్నారు.

ఆ ఆదివారం లేవగానే, పళ్లు తోముకుంటూనే, సీజన్‌లో మొదటిసారి ఫోన్‌లో స్కోరు చూశాను. మూడు సున్నా. మావాళ్లు పోయారు. నోట్లో నురగతో కాసేపు అలాగే నిలబడ్డాను. బాధపడదామనుకున్నాను గానీ, ఆ సమయంలో నాకు అంతకంటే ముఖ్యమైన పనుంది.

వెళ్లేసరికి అమ్మమ్మ స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని హీటర్ పక్కన కూర్చుని ఉన్నారు. అంకుల్ స్నానానికి వెళ్లారు. దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాను.

"అమ్మమ్మా, పందెంల మీరే ఫస్ట్ చెప్పాలె. ఎర్రంగీల వాళ్లు గెలుస్తరని చెప్పండి. మూడు సున్నా."

"తెలుసులే అబ్బాయ్" అన్నారు ఆవిడ, చెయ్యి ఊపుతూ. పెద్దవాళ్ల విసుగు అనుకున్నాను.

ఫోన్లు కుక్కర్‌లో పడ్డాయి, మూత బిగిసింది, వెయిట్ ఎక్కింది. అంకుల్ సోఫాలో సర్దుకుని, "సరే, ఇవాళ నాకేమనిపిస్తోందంటే" అని మొదలుపెట్టారు.

"అంకుల్, పెద్దవాళ్లు ముందు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు. ఆ క్షణం కోసం నేను ఎన్ని చిల్లులు పొడిచానో ఆయనకేం తెలుసు.

"ఎర్రంగీల వాళ్లు" అన్నారు అమ్మమ్మ. "మూడు సున్నా."

"అత్తయ్యగారూ, మీకు కొత్త కదా, ఇంకోసారి ఆలోచించి..."

"ఆలోచించడానికేముంది నాయనా."

అంకుల్ గొంతు సవరించుకుని డ్రా అన్నారు. ఆంటీ, "పాపం, ఈ పిల్లాడి టీమే గెలవాలి" అన్నారు. నేను సోఫాలో వెనక్కి వాలి, ఇడ్లీ మీద కారప్పొడి, కారప్పొడి మీద నెయ్యి వేసుకుని, నా క్లబ్ పతనాన్ని ప్రశాంతంగా చూశాను. మొదటి గోల్‌కి చట్నీ అడిగాను. రెండోదానికి ఇంకో ఇడ్లీ. నా చారల జెర్సీవాళ్లు మైదానం మధ్య కూర్చుని ఏడుస్తుంటే నేను అంకుల్ ముఖం చూస్తున్నాను.

ఆ ముఖంలో ఉండాల్సిన కలవరం లేదు. హాయిగా పళ్లు కుట్టుకుంటున్నారు. ఎందుకో ఆట అయిపోయాక గానీ తెలియలేదు. ఆంటీ ప్లేటు పక్కన పెట్టి, కొంగు దోపుకుని లేచారు. "ఇద్దరం తప్పే. చిన్నదాన్ని నేనేగా" అన్నారు.

సీజన్ అంతా పగ పట్టినవాడు ఆఖరి నిబంధన మర్చిపోయాడు. పొద్దున్నే లేచి ఇడ్లీ వేసిన మనిషి మీదికే బాణం వదిలాను. నేను తోముతానని లేవబోతుంటే అమ్మమ్మ కూతురి వైపు తిరిగి అందుకున్నారు.

"నువ్వెందుకే తోమడం? రాత్రి చూసేసిన ఆటకి పొద్దున పందెమేంటి? నాకింకా మనూరి టైమేనాయె, నిద్ర పట్టక హాల్లోకొస్తే అల్లుడుగారు చూస్తున్నారు. నేనూ పక్కనే కూచున్నా. ఎవరితో అనకండి అత్తయ్యగారూ అన్నారు, సరే అన్నా. పొద్దున ఈ అబ్బాయొచ్చి మళ్లీ అదే చెవిలో చెప్పాడు. ఈ ఊళ్లో ఆట ఇలాగే ఆడతారేమో అనుకున్నా."

అమ్మాయి మొదటిసారి ఫోన్ పక్కన పెట్టింది.

ఆంటీ కొంగు వదిలి మళ్లీ కూర్చున్నారు. "రాత్రిళ్లు ఆఫీసు పని ఉందన్నారు" అన్నారు భర్తతో. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడానా" అన్నారు. ఆ తర్వాత ఇద్దరినీ కలిపి, "లేవండి."

అలా సీజన్ ముగిసిన రోజు, ఒకే సింకు ముందు, భుజాలు తగులుతూ అంకుల్, నేను. ఆయన చేతికి టూత్‌పిక్ వచ్చింది. కోరుకున్నది అదే. నా చేతిలో కూడా ఒకటి ఉండడం మాత్రం నా ప్రణాళికలో లేదు. చిల్లులు పొడవడం మొదలుపెట్టాం.

"మీవాళ్లు కింది డివిజన్‌లో బాగానే ఆడతారులే" అన్నారు చివరికి.

"రెండో రేకులో పిండి మిగిలింది అంకుల్" అన్నాను.

ఆయన చూసుకున్నారు. నిజంగానే మిగిలింది. వంగి మళ్లీ పొడిచారు. ఆ కొద్ది సెకన్లు నాకు ట్రోఫీ ఎత్తినంత తృప్తి కలిగింది.

ఆంటీ చట్నీ సర్దడానికి డబ్బా తెమ్మంటే అమ్మాయి వచ్చి డిష్‌వాషర్ తలుపు తీసింది. పెరుగు డబ్బాలన్నీ తీసి గట్టు మీద పెట్టింది. ఖాళీ అయిన కింది అరను చూసింది, మా చేతుల్లో ఉన్నవాటిని చూసింది. రేకులు తీసుకుని స్టాండుకి గుచ్చి, అలాగే లోపల పెట్టి, అర లోపలికి తోసి తలుపు మూసింది.

ఇడ్లీ స్టాండు, రేకులతో సహా, డిష్‌వాషర్ కింది అరలో సరిగ్గా పడుతుంది.