చెంప మీద వేలు

కండక్టరుగా అతని ఉద్యోగమంతా బస్సులోనే గడిచింది. "మా బావ తిరగని ఊరు లేదు, చూసిన ఊరూ లేదు" అని మరదలు నలుగురిలో ఎగతాళి చేసేది. అన్నప్పుడల్లా అతని భార్య తల దించుకునేది.

ఆ నోరు ఒక్కసారైనా మూయించాలని, ఉద్యోగం అయిపోగానే అక్కాచెల్లెళ్లిద్దరినీ సముద్రపుటొడ్డున ఉన్న పాత కోట ఊరికి తీసుకొచ్చాడు.

కోటగోడ లోపల ఇరుకు సందులు. టిక్కెట్టు కొని వెళ్లిన ఒక పాత ఇంట్లో మనిషెత్తు మట్టిబొమ్మలున్నాయి. తక్కెడ పట్టుకున్న వర్తకుడు, కునుకు తీస్తున్న కాపలావాడు. అన్నీ తనే దగ్గరుండి చేయించినట్టు వివరించాడు.

"ఈ కోటగోడ ఓడదొంగలు రాకుండా కట్టారు."

"నీకెవరు చెప్పారు బావా?"

"ఒకరు చెప్పాలా? చూస్తే తెలీదూ?"

భార్య కొంగుచాటున నవ్వింది. ఆ నవ్వుతో అతనికి ఊపొచ్చింది.

పక్కింటి తలుపు కూడా తెరిచే ఉంది. "జరగండి, జరగండి, గుమ్మంలో నిలబడొద్దు" అంటూ ఇద్దరినీ లోపలికి తోలాడు. కిటికీ దగ్గర కుర్చీలో ఒక ముసలాయన. మోకాళ్ల మీద దుప్పటి, చూపు సముద్రం మీద. కదలడు.

"ఓడ నడిపినవాడు అయ్యుంటాడు. ఆ ముడతలు చూడండి, ఏం పనితనం! వెంట్రుకలు కూడా నిజమైనవే అతికించారు" అంటూ చెంప మీద వేలు పెట్టాడు.

చెంప వెచ్చగా ఉంది.

ముసలాయన కళ్లు అతని వైపు తిరిగాయి. కళ్లు మాత్రమే.

వంటింట్లోంచి పాలగ్లాసుతో ఒకావిడ వచ్చింది. "ఎవరు కావాలండీ?"

"బొమ్మల ఇల్లనుకుని..."

"అది పక్కది. ఇలా వస్తూనే ఉంటారు. నాన్నకి పక్షవాతం, మాట పడిపోయింది. లేకపోతే ఆయనే పొమ్మనేవాడు."

ఆ గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. అతను వెనక్కి తిరిగాడు.

"ఆగండి. ఎలాగూ వచ్చారు, కాస్త ఈయన్ని మంచం మీదికి చేర్చండి. నా ఒక్కదానివల్ల కావడం లేదు."

ఎత్తుకున్నాడు. బరువే లేడు. ముసలాయన పనిచేసే చేత్తో అతని చొక్కా పట్టుకున్నాడు, పడుకోబెట్టినా వదల్లేదు. వంగిన ముఖానికి జానెడు దూరంలో ఆ కళ్లు. ఆ వేళ్లను కూతురే నెమ్మదిగా విడదీసింది.

భార్య అప్పటికే వీధిలోకి వెళ్లిపోయింది. అతను గుమ్మం దాకా వచ్చేసరికి ఆమె చెల్లెలితో గొంతు తగ్గించి అంటోంది.

"మీ బావనేం అనకే. నీకు దణ్ణం పెడతాను."

"నేనేమన్నానక్కా?"

నిజమే, మరదలు ఏమీ అనలేదు. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.