పొర్లుకట్ట మీద పుట్ట

పెన్నకూ మా అత్తవారి ఊరికీ మధ్య ఉన్నది ఒట్టి మట్టికట్ట. రాయి లేదు, సున్నం లేదు. ఏరు పొర్లి ఊరిమీద పడకుండా ఆపుతుంది కనుక పొర్లుకట్ట అనేవాళ్లం. ఊరి వైపు నుంచి పైకి ఎక్కడానికి నా అడుగులు ఇరవై ఆరు. 1959 వేసవిలో కాపురానికి వచ్చిన వారంలోనే లెక్కపెట్టాను.

ఏటి వైపు వాలులో, పై అంచుకు రెండు మూరల దిగువన ఒక పుట్ట ఉండేది. నాగులచవితికి ఊరి ఆడవాళ్లం అందులోనే పాలు పోసేవాళ్లం. కట్టను కనిపెట్టుకుని ఉండే లస్కరు, పుట్టను తవ్వి బంకమట్టి కూరతానని ప్రతి వేసవిలోనూ వచ్చేవాడు. మా అత్తగారు అడ్డుపడేది.

"నాగేంద్రుడి ఇంటిమీద గడ్డపార వేస్తావంట్రా? నీ పెళ్లాం పోసిన పాలు గూడా అందులోనే ఉండాయి!"

"పాలు పోతే పోనీలే అక్కా, నీళ్లు పోకుంటే చాలు" అని గొణుక్కుంటూ వెళ్లిపోయేవాడు.

మొదటి రెండు చవితులకూ సోలెడు పాలకే పుట్ట నోరు నిండి పొర్లింది. మూడో ఏడు, 1961లో, మూడు సోలలు పోసినా పొర్లలేదు. "స్వామి ఆకలిగొని ఉండాడు" అంటూ ఆడవాళ్లు చెంపలు వేసుకున్నారు. లోపల ఖాళీ పెరిగిందని నాకు తోచింది. చిన్న కోడలిని, నోరు మెదపలేదు.

తొమ్మిదో రోజున పెన్నకు వరద వచ్చింది. పొద్దున్నే కట్ట ఎక్కితే ఆవలి ఒడ్డు కనబడలేదు. కనుచూపు మేరా ఎర్రటి నీళ్లు, వేళ్లతో సహా కొట్టుకొస్తున్న చెట్లు. ఇటు తిరిగితే మా ఇంటి చూరు ఆ నీటికన్నా కిందుగా ఉంది. ఆ చూరు కింద ఉయ్యాలలో నా మూడు నెలల బిడ్డ. ముప్పై ఆరు ఇళ్లకూ అడ్డు ఈ మట్టే. అది నా అరికాళ్ల కింద సన్నగా అదురుతోంది.

ఊరి వైపు కట్ట అడుగున నీళ్లు బుడబుడమని ఉబుకుతున్నాయి. లస్కరు దోసిట పట్టి చూశాడు.

"తేటగా వస్తే భయం లేదు. ఇది కట్టలో మట్టిని తెస్తా ఉంది. యాడ దూరతా ఉందో తెలిస్తే గదా మూసేది!"

"పుట్టలోనే అన్నా" అన్నాను. "మొన్న చవితికి మూడు సోలలు పట్టినాయి. ముందు రెండేళ్లూ సోలెడే."

అత్తగారు నా వైపు తిరిగింది. "ఆ మాట ఆ పొద్దే చెప్పకూడదా అమ్మే?"

"చెబితే తవ్వనిచ్చేదానివా అత్తా?"

ఆమె కొంగు బిగించి కట్ట ఎక్కింది. పుట్ట అప్పటికే మునిగింది. అత్తగారు దండం పెట్టుకుని, మోకాటి లోతు నీళ్లలోకి దిగి, మొదటి బంకమట్టి గోతాన్ని తానే దాని నోట్లోకి తోసింది. "ఇంక కానీండిరా!" అంది. మగవాళ్లు గడ్డిమోపులు, గోతాలు కుక్కి తొక్కారు.

నేను పాలచెంబు తెచ్చుకుని కింద కూర్చున్నాను. ఉబికే నీళ్లు పట్టడం, చూడటం, పారబోయడం. పదో చెంబు దాకా ఎరుపే. పదకొండో చెంబులో అడుగు కనబడింది.

ఆ చెంబుతో ఇరవై ఆరు అడుగులూ ఎక్కాను. అత్తగారు ఇంకా నీళ్లలోనే, పుట్ట మీది గోతాన్ని తొక్కిపట్టి నిలబడి ఉంది. చెంబులోకి తొంగి చూసి, "తేటే" అంది. నేను ఆమె వెనక పోతున్న ఏటిని చూశాను. అంత నీటిని ఇంత మట్టి ఎలా ఆపిందో, ఏ లెక్కా నాకు ఇప్పటికీ కుదరలేదు.