సౌనాలో చివరి చెంబు

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. మెషీన్ ఏం చెబితే అదే నాకు నిజం. తెలిసినవాళ్ళెవరైనా అద్దె ఇంట్లో అడుగుల చప్పుడు విన్నామంటే నవ్వేదాన్ని, ఇప్పటికీ నవ్వుతాను. 2009 వేసవిలో నాకు జరిగినదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు రాదు.

ముందు ఒక సంగతి చెప్పాలి. నేను మా ఆయనకి రెండో భార్యని. మొదటావిడ పేరు లలిత. మా పెళ్ళికి మూడేళ్ళ ముందు జబ్బు చేసి పోయింది. నేనావిడని ఎప్పుడూ చూడలేదు. చూడని మనిషిని చూసి కుళ్ళుకోవడం ఏమిటని మీరనుకోవచ్చు. బతికున్న సవతి అయితే పోట్లాడొచ్చు. పోయిన మనిషి కూర మాడ్చదు, విసుక్కోదు, లావెక్కదు. ఆవిడతో నేనెక్కడ పోటీ పడను?

అమెరికాలో, షికాగో శివారు అరోరాలో మా ఇంట్లో ఆవిడ వస్తువు ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా ఆయన మాటల్లోనే. మిషిగన్ ఉత్తర కొసన ఒక చిన్న ఊళ్ళో ఆయన ఎం.ఎస్. చేశారు. అక్కడ వాళ్ళిద్దరూ హెల్మీ అనే ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకుండేవారు. ఆవిడ తాతల కాలంలో ఫిన్లాండ్ నుంచి వచ్చిన కుటుంబం. పెరట్లో ఒక చెక్కగది, అందులో కట్టెల పొయ్యి, పొయ్యి మీద రాళ్ళు. ఎర్రగా కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లితే ఆవిరి కమ్ముకుంటుంది. అదే సౌనా. ప్రతి శనివారం అందరికీ స్నానం అందులోనేనట.

ఒకసారి స్నేహితులతో కలిసి షికాగో దగ్గర కొరియా వాళ్ళ ఆవిరి స్నానాలకి వెళ్ళొచ్చాను. ఎంత బాగుందో మా ఆయనకి చెప్పబోతే, "అదేం స్నానం, హెల్మీ గారి సౌనా చూడాలి నువ్వు" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆయన తలుచుకుంటున్నది సౌనాని కాదని నాకు తెలుసు.

"అయితే తీసుకెళ్ళండి, చూస్తాను" అన్నాను. ఆ జులైలో తీసుకెళ్ళారు.

హెల్మీ గారు ఎనభై దాటిన మనిషి. ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది, నన్నూ ఆప్యాయంగానే పలకరించింది. ఆ ఇంట్లో మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు తర్వాత. ఆయన సౌనా నుంచి వచ్చేలోగా నేను తలకి నువ్వుల నూనె దట్టంగా పట్టించాను. శనివారం, పైగా వేడినీళ్ళ స్నానం. తలంటు పోసుకుంటే బాగుంటుందని తట్టింది. అది నా సొంత తెలివి అనుకున్నాను. హెల్మీ గారు నా జుట్టు చూసి నవ్వి, "లలిత కూడా ఇలాగే నూనె రాసుకుని వచ్చేది" అంది.

ఆ నూనె అప్పుడే కడిగేసుకుందామన్నంత కోపం వచ్చింది.

సౌనా లోపల చెక్క బల్లలు మెట్లలా ఉన్నాయి. ఒక మూల పెద్ద డేగిసాలో నీళ్ళు కాగుతున్నాయి. చిన్న కిటికీ, దాని గట్టు మీద స్టీలు చెంబు. అమెరికా ఉత్తర కొసన, అడవి మధ్యలో, మన స్టీలు చెంబు! ఎవరిదని అడగలేదు. అడిగి చెప్పించుకోవడం ఎందుకు?

కాసేపు ఆవిరిలో కూర్చున్నాక హెల్మీ గారు లేచింది. "ఇక వెళ్దాం. చివరి ఆవిరి మనది కాదు, కంటికి కనబడకుండా ఈ సౌనాని కనిపెట్టుకుని ఉండేవాళ్ళది. మా నాయనమ్మ అలా చెప్పేది" అంది, సగం నవ్వుతూ. నా తల చూస్తే ఇంకా జిడ్డోడుతోంది. డేగిసాలో సగానికి పైగా నీళ్ళున్నాయి. కాగిన నీళ్ళు అలా వదిలేసి లేచి రావడం మా ఇంటా వంటా లేదు. "మీరు నడవండి, తల రుద్దుకుని వస్తాను" అన్నాను. ఆవిడ గుమ్మం దగ్గర కాస్త తటపటాయించి వెళ్ళిపోయింది.

కింది బల్ల మీద కూర్చుని షాంపూ రుద్దుకున్నాను. కళ్ళు మూసుకుని చెంబు కోసం తడుముకున్నాను. పక్కనే పెట్టుకున్నాను, చేతికి తగల్లేదు.

అప్పుడు నా తల మీద నీళ్ళు పడ్డాయి. ఒంటికి సరిగ్గా సరిపోయే వేడి. హెల్మీ గారు తిరిగొచ్చిందనుకుని తల వంచాను. నీళ్ళు పోస్తూ, ఇంకో చేత్తో జుట్టు పాయలు తీసి జిడ్డంతా పోయేదాకా రుద్దారు. చిన్నప్పుడు మా అమ్మ పోసిన తర్వాత నాకు ఇంకొకరు తలంటు పోయడం అదే. చివరి చెంబు నా తల చుట్టూ తిప్పి పోస్తూ ఒక ఆడగొంతు మెల్లగా, "శ్రీరామ రక్ష, నూరేళ్ళాయుష్షు" అంది. మాడు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.

హెల్మీ గారికి తెలుగు రాదు కదా అని తోచడానికి నాకు ఒక క్షణం పట్టింది.

కళ్ళు తెరిచాను. ఎవరూ లేరు. చెంబు కిటికీ గట్టు మీద బోర్లించి ఉంది. ఇంకా పొద్దు గుంకలేదు, బయటంతా స్పష్టంగా కనిపిస్తోంది. పెరటికి అవతల, ఇంటి వరండాలో ఆయనా హెల్మీ గారూ కాఫీ తాగుతున్నారు. ఆ సౌనా తలుపు తీస్తే కిర్రుమని పెద్ద చప్పుడొస్తుంది. నాకే చప్పుడూ వినబడలేదు.

వేడికి కళ్ళు తిరిగి ఉంటాయి, నీళ్ళు తాగక భ్రమపడి ఉంటాను. ఇవన్నీ మీకన్నా ముందు నేనే అనుకున్నాను. కానీ నేను నా తల మీద ఒక్క చెంబు కూడా పోసుకోలేదు. జుట్టులో చుక్క నూనె లేదు, నురగ లేదు.

వరండాలోకి వచ్చి ఆయనకి అంతా చెప్పాను. కొట్టిపారేస్తారనుకున్నాను.

"రెండుసార్లే తట్టిందా?" అన్నారు.

"అవును."

"ఎప్పుడూ అలాగే తట్టేది." ఈ ముక్క ఆయన నాకు అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. "నా గురించి ఏమైనా అందా?" అని అడిగారు.

నువ్వు భయపడ్డావా అని అడగలేదు. ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. "ఏమీ అనలేదు" అన్నాను, కావాలనే కొంచెం గట్టిగా.

టవల్ తీసుకుని సౌనాలోకి వెళ్ళిపోయారు. హెల్మీ గారు ఆపబోయి, మళ్ళీ ఏమనుకుందో, కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. రాళ్ళు చల్లారేదాకా ఆయన అందులోనే కూర్చున్నారు. వణుకుతూ వచ్చి నా వైపు చూశారు. ఆ చూపు నాకు కొత్త కాదు. పెళ్ళయినప్పటి నుంచి నా అద్దంలో చూస్తున్నదే. కట్టుకున్న భార్యని చూసి కుళ్ళుకుంటున్నారు!

"సుధా, నాకెందుకు రాలేదు?" అన్నారు.

ఆయన టవల్ తీసుకుని తల తుడవబోయాను. జుట్టు పొడిగా ఉంది.

ఆ నీళ్ళు పోసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నా దగ్గరికే ఎందుకు వచ్చిందో అసలే తెలియదు. ఆయన తర్వాత కూడా అప్పుడప్పుడు ఒంటరిగా ఆ ఊరు వెళ్ళొస్తున్నారు. నేనేమీ అడగను, ఆయనా చెప్పరు. గుమ్మంలో అడుగు పెట్టగానే ముఖం చూస్తే, ఈసారీ రాలేదని తెలిసిపోతుంది. అప్పుడు నాకు ఆయన మీద చాలా జాలేస్తుంది. చెప్పొద్దూ, ఆ జాలితో పాటు కాస్త సంతోషం కూడా వేస్తుంది.