పెట్టెకు దొరికిన సెలవు

ఆ రోజుల్లో, అంటే కరోనా మాస్కులు ఇంకా మూతుల మీద నుంచి దిగని రోజుల్లో, నాకు లోకంలో ఒకటే కోరిక ఉండేది. ఒక్క శుక్రవారం (అక్కడ వారపు సెలవు అదే) కంటినిండా నిద్రపోవాలి. పెళ్లీ ప్రమోషనూ ఏవైనా దాని తర్వాతే. ఎడారి దేశంలో, అల్ ఖూజ్ అనే గోదాముల పేటలో, బొమ్మల ప్రదర్శనలకు పెట్టెలు మోసి, విప్పి, పటాలు గోడకు తగిలించే కంపెనీలో కొత్తగా చేరాను. బి.ఏ. చదివానని అందరూ నన్ను 'డిగ్రీ' అని పిలిచేవారు (ఆ చదువు గోడకు మేకు కొట్టడానికి కూడా అక్కరకు రాలేదు). మా ఫోర్‌మన్ కడప వైపు మనిషి. ఏ మాటైనా 'ఖలాస్' అని ముగిస్తాడు కాబట్టి ఖలాస్ చాచా. వారాల తరబడి సెలవు లేక నేను గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే చూసి, "ఈ శుక్రవారం నీకు సెలవప్పా, పండుకో పో" అని మాటిచ్చాడు.

గురువారం సాయంత్రం ఫ్రాన్సు నుంచి ఒక పెట్టె దిగింది. దాని వెంట ప్రదర్శన నడిపే మేడమ్ వచ్చి, లోపలున్న వాటి ఫొటోలు మాకు చూపించింది. ఎప్పుడో అక్కడి జనం రాజు మీద తిరగబడి మనుషుల హక్కులు ప్రకటిస్తే, దాని మీద వేసిన పాత ముద్రణా చిత్రాలట. రెండు రాతిపలకల మీద చీమల్లాంటి అక్షరాలు, పైన ఒక పక్క గొలుసు తెంపుతున్న ఆడమనిషి, ఇంకో పక్క రెక్కలున్న ఇంకో ఆడమనిషి. మరి ఆడవాళ్ల హక్కులేవని ఒకావిడ ఎదురు రాసిన చిన్న పుస్తకం కూడా ఉంది. "ఎండలో వచ్చింది. రేపు సాయంత్రం దాకా ఈ చల్లగదిలోనే విశ్రాంతి తీసుకోవాలి. ఎవరూ కదపొద్దు, ఒంటరిగానూ వదలొద్దు" అంది మేడమ్ హిందీలో. చాచా చూపు నామీద వాలింది.

"చాచా, పెట్టెకు రెస్టు, నాకు డ్యూటీనా? గిదేం న్యాయం? మనుషులందరు సమానమని అండ్లనే రాసున్నదట!" అని లేచాను.

"కూకోనుండేదే కదప్పా, నేనూ వస్తాలే. ఆ రాతల్లో సెలవుండాదేమో సూడు. ఉంటే ముదీర్ దగ్గరికి నేనే పోతా. ల్యాకుంటే ఖలాస్." (మేనేజర్‌ని మేం ముదీర్ అనేవాళ్లం, ఎక్కువగా భయంతో.)

శుక్రవారం పొద్దున్నే, రాత్రి కాపలావాళ్లు వెళ్లగానే, చాచా పెట్టె పక్కన ఫోమ్ షీటు పరిచి, గురక మొదలెట్టాడు. నేను మాత్రం పంతం పట్టి ఫోనులో ఆ ప్రకటన వెతికి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవసాగాను. పదిహేడు హక్కులు! స్వేచ్ఛ ఉంది, ఆస్తి ఉంది, నోరు విప్పే హక్కుంది, ఆఖరికి పన్నుల సంగతీ ఉంది. సెలవు మాత్రం లేదు. ఆవిడ పుస్తకం కూడా ఫోనులోనే వెతికి పట్టుకున్నాను. ఆలుమగల ఒప్పందం నమూనా కూడా రాసిన మహాతల్లి, సెలవు ఊసే ఎత్తలేదు. ఏడుపొచ్చింది. అయినా చదువుతూ చదువుతూ ఆ కాగితాల మీద ప్రేమ పుట్టింది. సాయంత్రం మొదటి పటం నేనే ఎత్తాలనిపించింది.

మేడమ్ వచ్చింది. చాచా పెళ్లికొడుకులా తాజాగా లేచాడు. గ్లవ్స్ తొడుక్కుని, ఇంకా కాగితం చుట్టి ఉన్న మొదటి పటం నేను అందుకున్నాను. మాస్కు కింద ఆవలింత దాగుతుందనుకున్నానే గానీ, చేతులు తూలతాయనుకోలేదు. పటం ఒక పక్కకు ఒరిగింది. చాచా పట్టుకోకపోతే నా ఉద్యోగం అక్కడే ఖలాస్. "ఇతన్ని పంపించండి, వెళ్లి పడుకోమనండి!" అని మేడమ్ కేకేసింది. సెలవు అలా దొరికింది. బయట ఆగున్న కంపెనీ బస్సులో మిగతావాళ్ల కోసం కూర్చుంటే నిద్రెక్కడిది? చాచా రాగానే, "ఎట్లున్నది చాచా ఆ పటం, దగ్గర నుంచి?" అనడిగాను.

"ఏముండాది? రెండు బండలు, ఇద్దరాడోళ్లు. శానా బరువు."

ఇప్పుడు వారానికో సెలవు నికరంగా ఉంది. ఒళ్లంతా అలసటే గానీ కన్ను మూతపడదు. అలాంటప్పుడు చల్లగదిలో, లేపేవాడెవడూ లేని ఆ పగలంతా హక్కు కోసం వెతుక్కుంటూ కూర్చున్న ఆ 'డిగ్రీ' కుర్రాడు గుర్తొస్తాడు. "పడుకోరా పిచ్చోడా, గొడవ తర్వాత పడుదువుగాని" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదనుకోండి.