ఫోన్‌లో చచ్చిపోయిన నా పేషెంటు

ఈ రోజు మా ఆసుపత్రిలో నర్సులకు ఫోన్‌లో ఆట ఆడించి శిక్షణ ఇచ్చారు. పాము కరిచిన పేషెంటు తెర మీదికి వస్తాడు, వేళకు సరైన బటన్లు నొక్కి అతన్ని బతికించాలి. వెంట ఒక్క చుట్టమూ లేకుండా వచ్చిన ఆ పేషెంటును చూడగానే నాకు నమ్మకం కుదరలేదు. పైగా ఆట మొదలయ్యే ముందే ఫోన్ నా ఉద్యోగి నంబరు అడిగింది.

"ఏమప్పా, ఈ మార్కులు యాడికి పోతాయి?" అని నేర్పడానికి వచ్చినతన్ని అడిగాను.

"యాడికీ పోవక్కా, ఊరికే ఆటే గదా!" అని నవ్వాడు.

ఆట సగంలో ఉండగా ఉరవకొండ వైపు నుంచి నిజంగానే పాము కరిచిన రైతును ఆటో నిండా చుట్టాలతో తీసుకొచ్చారు. ఫోన్ బల్ల మీద పడేసి పరిగెత్తాను. విషానికి విరుగుడు మందు ఎక్కించి, అతను కుదుటపడ్డాక వచ్చి చూస్తే తెర మీద ఎర్రటి అక్షరాలు: "మీ ఆలస్యం వల్ల రోగి మరణించాడు."

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే పెద్ద డాక్టరు ఎదురై, "ఏమ్మా, ఆటలో పేషెంటును సంపేసినావంట?" అన్నారు. వార్డులో లేచి కూర్చున్న రైతు సంగతి మాత్రం అడగలేదు.

యాడికీ పోని మార్కులు నాకంటే ముందే ఆయన దగ్గరికి ఎలా పోయాయో, మీలో తెలిసినవాళ్లుంటే చెప్పండి.